చిప్‌కి ఇరవై ఇచ్చిన జనమే మీకెందుకు ఇవ్వడం లేదు?

పాటల యాప్‌లు నడుపుతున్న కంపెనీల పెద్దలకు,

నమస్కారం. శ్రీకాకుళంలో జీటీ రోడ్డు పక్క సందులో నాకొక సెల్ షాపు ఉంది. రీఛార్జీలు, టెంపర్ గ్లాసులు, ఛార్జర్లు, డబ్బా ఫోన్లకి బ్యాటరీలు. బోర్డు అడుగున ఒక లైను ఎండకి వెలిసిపోయి ఉంటుంది, దగ్గరికొస్తే గానీ కనబడదు: ‘ఇచ్చట చిప్‌లో పాటలు ఎక్కించబడును’. చిప్ అంటే ఫోన్‌లో వేసుకునే మెమరీ కార్డు. ఆ లైను తీయించెయ్యమని మా ఆవిడ ఎప్పట్నుంచో పోరుతోంది. మీకీ ఉత్తరం రాయడానికి నాకున్న అర్హత అదొక్కటే కాబట్టి ఇంకా ఉంచాను.

మీ వ్యాపారం గురించి ఎవరు మాట్లాడినా చివరికి ఒక్క మాట దగ్గర తేలతారు. మన జనం పాటలు వింటారు గానీ పాటకి డబ్బులివ్వరు అని. అబద్ధం. నా గల్లాపెట్టే సాక్షి.

2009 నుంచి 2016 దాకా నా సంపాదనలో సగం పాటలదే. రెండు జీబీ చిప్ నింపితే ఇరవై, నాలుగు జీబీకి ముప్పై, ఎనిమిదికి యాభై. సంక్రాంతి ముందు మూడు రోజులూ భోజనానికి ఇంటికెళ్ళడం కుదిరేది కాదు. హైదరాబాదు నుంచి, చెన్నై నుంచి పండక్కి దిగిన కుర్రాళ్ళు, ఆటోవాళ్ళు, ట్రాక్టరువాళ్ళు, ఇటుక బట్టీలో పనిచేసేవాళ్ళు వరసకట్టేవారు. చిప్ అంటే గోరంత ఉంటుంది. ఎవరిది ఎవరిదో తెలియడానికి కాగితం ముక్కల మీద పేర్లు రాసి, ఒక్కో ముక్క మీద ఒక్కో చిప్ పెట్టి, గాలికి పోకుండా ఫ్యాను ఆపేసేవాణ్ణి. జనవరి కాబట్టి సరిపోయింది. రోజు కూలి మూడు వందలు తెచ్చుకునే మనిషి అందులోంచి ఇరవై తీసి, బేరం కూడా ఆడకుండా, పాటకిచ్చి వెళ్ళేవాడు.

అది దొంగ సరుకు కదా అంటారు. దొంగ సరుకే. రాసినవాడికి గానీ, బాణీ కట్టినవాడికి గానీ, పాడినవాడికి గానీ నా ఇరవైలోంచి పైసా వెళ్ళలేదు. అప్పట్లో అది తప్పని తెలీక కాదు, అందరూ చేస్తున్నారని చేశాను. ఆ సంగతి దాచుకోవడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. నేను చెప్పేది ఇంకోటి: డబ్బులిచ్చిన ఆ మనిషి నాకెందుకిచ్చాడు, మీకెందుకివ్వడం లేదు?

నాకంటే ముందు ఇదే సందులో మా నాన్నకి క్యాసెట్ల షాపు ఉండేది. జనం చీటీ రాసుకుని వచ్చేవారు. చార్మినార్ సిగరెట్ పెట్టె అట్ట వెనక, రేషను రసీదు వెనక, బీడీ కట్ట కాగితం మీద. పాట మొదటి మాట సగమే గుర్తుండేది, మిగతాది కూనిరాగం. ఒకడొచ్చి కౌంటరు ముందు నిలబడి ముక్కుతో రాగం తీస్తే, మా నాన్న తల పక్కకి వాల్చి రెండు లైన్లు విని, “సుశీల. రెండో చరణంలో ఫ్లూటొస్తాది, అదేనా?” అనేవాడు. ఖాళీ క్యాసెట్టు అరవై నిమిషాలది. ఆ వైపు ఆరు, ఈ వైపు ఆరు పాటలు పట్టేవి. పన్నెండోది సగంలో తెగకుండా లెక్క చూసుకుని వరస వేసేవాడు. మీరిప్పుడు ప్లేలిస్టు అని గొప్పగా చెప్పుకునేది మా ఇంట్లో గీతల నోటుబుక్కు మీద జరిగేది. ఆ నోటుబుక్కు ఇంకా నా దగ్గరుంది, అట్ట లేదు.

2016 సెప్టెంబరులో జియో వచ్చాక నెట్ నీళ్ళయిపోయింది. ఆరు నెలల్లో నా చిప్ బేరం పడిపోయింది. దానికి ఏడవలేదు, ఆ రోజు ఎప్పుడో వస్తుందని తెలుసు. కానీ అప్పుడు మీరు చేసిన పని మాత్రం ఇప్పటికీ అర్థం కాదు. ఇరవై రూపాయలు అలవాటైన చేతికి మీరు సున్నా అలవాటు చేశారు. సిమ్‌తో పాటు పాటలు ఫ్రీ, రీఛార్జ్‌తో పాటు పాటలు ఫ్రీ. పాటంటే కొనుక్కునే వస్తువు కాదని, పెళ్ళి భోజనంలో ఆఖర్న ఇచ్చే తాంబూలమని నేర్పింది మీరే. నేర్పాక, వీళ్ళు డబ్బులివ్వరని మా మీద నింద.

ఫలితం కళ్ళముందే ఉంది. 2014లో వచ్చిన తన పాటల యాప్ వింక్‌ని 2024లో ఎయిర్‌టెల్ మూసేసింది. 2020లో వచ్చిన రెస్సో 2024 జనవరితో ఇక్కడ దుకాణం కట్టేసింది. గానా 2022లో ఫ్రీ తలుపు మూసి డబ్బు కట్టినవాళ్ళకే అంది, మరుసటి ఏడు చేతులు మారింది. 2006లో పుట్టిన స్పాటిఫై ఏడాది మొత్తం లాభం చూసింది 2024లోనే. ప్రపంచమంతా జనం చెవుల్లో ఉన్న కంపెనీకే అన్నేళ్ళు పట్టిందంటే ఈ బేరంలో ఏదో చిక్కుంది.

ఆ చిక్కు నాకు నా లెక్కలోనే తెలిసింది. నేను ఒక పాట వెయ్యి చిప్‌లలో ఎక్కించినా నాకు కరెంటు తప్ప ఖర్చు లేదు, ఎందుకంటే దొంగ సరుకు. మీది అలా కాదు. వచ్చిన రూపాయిలో సుమారు మూడింట రెండొంతులు పాట హక్కులున్నవాళ్ళకి పోతుంది. మిగిలిన మూడో వంతులో సర్వర్లు, జీతాలు, ప్రకటనలు. సబ్బులవాడికి అమ్మకం పెరిగితే సరుకు చవకవుతుంది, మీకు అమ్మకం పెరిగితే చెల్లింపూ దాంతోపాటే పెరుగుతుంది. కాబట్టి ఫ్రీగా వినేవాళ్ళని కోట్లలో పోగేసుకుంటే, యాడ్‌ల డబ్బు అంతంతమాత్రమైన మన దగ్గర, గుమ్మం ముందు జనం ఎక్కువ, గల్లాలో చప్పుడు తక్కువ. మీకు కావలసింది ఇంకో కోటి మంది ఫ్రీ శ్రోతలు కాదు, పది రూపాయలు సంతోషంగా ఇచ్చే మనుషులు. వాళ్ళు నా కౌంటరు ముందే ఉన్నారు.

వాళ్ళు ఎందుకివ్వడం లేదో చెప్తాను. రెండేళ్ళ కిందట ఒక పెద్దాయన ఫోన్ పట్టుకుని షాపులోకొచ్చాడు. గార మండలం, కొబ్బరికాయల బేరం. రాగానే, “నా డబ్బులు కోసీసినావేటి బావూ?” అన్నాడు. చూస్తే ఆయన మనవడు ఏదో పాటల యాప్‌లో నెల రోజులు ఫ్రీ అంటే నొక్కాడు. నెలయ్యాక ఆటో పే మొదలైంది. మూడు నెలలు కోత పడింది. కోతకి ముందు మెసేజ్ పంపాలని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది, మెసేజ్ వచ్చింది కూడా. ఇంగ్లీషులో వచ్చింది. ఆ ఫోన్‌లో చదవని మెసేజ్‌లు నాలుగు వేల పైన ఉన్నాయి. యాప్ తీసేస్తే ఆగిపోతుందనుకుని వాళ్ళు యాప్ తీసేశారు, కోత ఆగలేదు. నేను యూపీఐలోకి వెళ్ళి మేండేట్, అంటే నెలనెలా కోసుకోమని ఇచ్చిన అనుమతి, వెతికి ఆపాను. ఆయన ఫోన్ జేబులో పెట్టుకుంటూ, “పాటలు నాకెందుకు బావూ, రేడియో ఉంది” అని వెళ్ళిపోయాడు. మీరు ఆయన దగ్గర మూడు నెలల డబ్బు సంపాదించారు, జీవితకాలం బేరం పోగొట్టుకున్నారు.

ఈ భయం నిన్న మొన్నటిది కాదు. కాలర్ ట్యూన్‌ల రోజుల నుంచీ ఉంది. అవతలివాడి ట్యూన్ బావుందని స్టార్ నొక్కితే మనకీ వచ్చేది, బ్యాలెన్స్‌లో నెలకి ముప్పై పోయేది. నొక్కకపోయినా పోయేదని తగువులాడినవాళ్ళు నా షాపులో లెక్కలేనంతమంది. గొడవలు ముదిరాకే 2013లో ఫోన్ కంపెనీల మీద అజమాయిషీ చేసే ట్రాయ్, వినియోగదారుడు రెండుసార్లు ఒప్పుకుంటేనే అలాంటి సర్వీసు మొదలుపెట్టాలని ఆదేశించింది. అంటే మావాళ్ళ మనసులో పాటకి, తెలియకుండా కోసే కత్తెరకి ముడి ఎప్పుడో పడిపోయింది. మీరొచ్చి అదే కత్తెరకి కొత్త పిడి వేశారు.

నా ఇరవైలో ఆ భయం లేదు. ఇరవై ఇస్తే ఇరవైతో అయిపోయింది. వాడి బ్యాంకు ఖాతా నాకు తెలియదు, వచ్చే నెల వాడి జేబులో నా చెయ్యి ఉండదు. పాటలు బాగోకపోతే నా మొహమ్మీదే చెప్పి మార్పించుకుంటాడు.

కనుక నా మొదటి మనవి: పాటని మా కౌంటరు మీద అమ్మండి. పది రూపాయలకి వారం, ముప్పైకి నెల, లేదా మీ లెక్కలో ఎంతకి గిట్టితే అంతకి. నోటివ్వగానే నేను నా లాపు బ్యాలెన్స్ (రీఛార్జ్‌ల కోసం షాపువాళ్ళం ముందే కట్టి ఉంచే డబ్బు) నుంచి రీఛార్జ్ కొట్టినట్టే వాడి నంబరుకి కొట్టాలి. గడువు తీరితే ఆగిపోవాలి, అంతే. మేండేట్ లేదు, కార్డు లేదు, ‘ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు’ అనే చిన్నక్షరాల వాక్యం లేదు. స్పాటిఫై ఒకప్పుడు రోజుకి 7 రూపాయల ప్లాన్ పెట్టింది. మంచి ఆలోచన. కానీ దాన్ని అమ్మే మనిషి ఊళ్ళో ఒక్కడూ లేడు. షాంపూ ప్యాకెట్టు చిన్నదైనందుకే మా ఊళ్ళదాకా రాలేదు, కిరాణా కొట్లో దండలాగా వేలాడింది కాబట్టి వచ్చింది. రీఛార్జ్ మీద నాకొచ్చేది నూటికి రెండో మూడో రూపాయలు. పాట మీద పది ఇస్తే, రీఛార్జ్‌కొచ్చిన ప్రతి మనిషినీ ‘పాటలు వెయ్యమంటారా’ అని అడగకుండా పంపను. యాడ్‌లకి పోసేదాంట్లో అది ఏ మూలకి?

ఈ దేశంలో పాటకి ఐదారు వేలు పెట్టినవాళ్ళూ ఉన్నారు. 2017లో సరిగమ అనే రికార్డుల కంపెనీవాళ్ళు 5,000 పాటలు ముందే ఎక్కించి కారవాన్ అనే రేడియోలాంటి పెట్టె తెచ్చారు. కొడుకులు, కూతుళ్ళు అమ్మానాన్నలకి కొనిచ్చారు. అందులో నెట్ లేదు, లాగిన్ లేదు, కోత లేదు, తిప్పుకునే మీట ఉంది. అది నా చిప్ బేరమే, లైసెన్సున్న చిప్.

ఇక ఏం అమ్మాలనే సంగతి. ఈమధ్య షాపు ముందు ఆగిన ఆటోల్లోకి తొంగిచూడటం అలవాటైంది. పది ఆటోల్లో ఏడెనిమిదిట్లో పాట వస్తోంది యూట్యూబ్ నుంచే. ఫోన్ అద్దం పక్కన స్టాండులో ఉంటుంది, స్క్రీన్ వెలుగుతూనే ఉంటుంది. ఆరిందంటే పాట ఆగిపోతుంది కదా. మధ్యాహ్నానికి ఫోన్ కాలి పెనమవుతుంది, సాయంత్రానికి బ్యాటరీ ఉబ్బుతుంది, మర్నాడు నా దగ్గరికొస్తారు. నాకు బేరమే అనుకోండి. పలాసలో జీడిపప్పు ఒలిచే దగ్గర పనిచేసే మా చిన్నమ్మ కూతురిదీ ఇదే గొడవ. చేతులకి జీడిపాలు అంటుకోకుండా నూనె రాసుకుంటారు, ఆ చేత్తో ఫోన్ ముట్టుకోలేదు. స్క్రీన్ ఆరితే పక్కింటి పిల్లని పిలవాలి. ఈ మనిషికి మీరు ‘హై క్వాలిటీ సౌండ్’ అని అమ్మబోతున్నారు. ఆవిడకి కావలసింది స్క్రీన్ ఆరినా ఆగని పాట, మధ్యలో యాడ్ అరవని పాట. అది మీ దగ్గర ఉంది. కానీ దాన్ని ఆవిడకి తెలిసే మాటలో ఎవరూ చెప్పలేదు. ‘ఫోన్ లాక్ చేసినా పాట ఆగదు’ అని ఒక్క లైను గోడ మీద రాయించండి చాలు. అన్‌లిమిటెడ్, ప్రీమియం, ప్లాటినం ఇవన్నీ మాకు టీవీ డిష్‌వాడు చెప్పే మాటలు.

వేటవాళ్ళ సంగతి ఇంకో రకం. ఎచ్చెర్ల, రణస్థలం మండలాల మత్స్యకారుల్లో చాలామంది ఏటా గుజరాత్‌లోని వెరావల్ వెళ్ళి బోట్ల మీద పనిచేస్తారు. 2018 నవంబరులో పాకిస్తాన్ వాళ్ళకి చిక్కి, 2020 జనవరిలో ఇల్లు చేరినవాళ్ళలో చాలామంది ఈ ఊళ్ళవాళ్ళే. బోటు ఒడ్డు దాటితే సిగ్నల్ ఉండదు. రోజుల తరబడి నీళ్ళు, వల, ఇంజను చప్పుడు. నా చిప్‌కి చివరిదాకా మిగిలిన గిరాకీ వీళ్ళే. ఇప్పటికీ ఏడాదికొకసారి వస్తారు. “ఆ యాప్‌లో డౌన్‌లోడ్ కొట్టుకోరా” అని ఒక కుర్రాడికి నేనే చెప్పాను ఓసారి, ప్లాన్ కూడా నేనే వేయించాను. తిరిగొచ్చాక నా మీద విరుచుకుపడ్డాడు. “నడి సంద్రంలో పాటలన్నీ తాళమేసీసినాయి. నెట్‌కి రమ్మంటాది. ఎక్కడికి రావాల?” డౌన్‌లోడ్ చేసిన పాటలైనా నెలకోసారి నెట్‌కి తగలకపోతే ఆగిపోతాయని అప్పటిదాకా నాకూ తెలీదు. డబ్బు కట్టినవాడు ఇంకా కట్టినవాడేనా అని చూసుకోవడానికి మీరు పెట్టుకున్న కాపలా అది, కారణం అర్థమవుతుంది. కానీ మూడు నెలలకి ముందే డబ్బు కట్టినవాడికి మూడు నెలలూ తాళం వెయ్యకుండా ఉండటానికి అడ్డేమిటి? నాలుగు నిమిషాల పాట మామూలు క్వాలిటీలో నాలుగు ఎంబీ లోపే. ఎనిమిది జీబీలో రెండు వేలు పడతాయి. సముద్రం మీద ఒక మనిషికి అంతకంటే ఏం కావాలి.

వెతకడం గురించి ఎక్కువ రాయను, రాస్తే కోపమొస్తుంది. ఒక యాప్‌లో తెలుగులో ‘ద్వారం’ అని కొట్టాను. వైకుంఠ ద్వారం భక్తిపాటలు వచ్చాయి. అవీ మంచివే, నేను అడిగింది మాత్రం ద్వారం వెంకటస్వామినాయుడు గారి ఫిడేలు. మాకు గంట ప్రయాణం దూరంలో విజయనగరంలో 1919 నుంచి మహారాజా వారి సంగీత కళాశాల నడుస్తోంది. మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు, 1936లో ద్వారం వారు ఆ కుర్చీలో కూర్చున్నారు. ఘంటసాల, సుశీల అక్కడ నేర్చుకున్నవాళ్ళే. సుశీల గారి పేరు గిన్నిస్ పుస్తకంలో 17,695 పాటలతో ఎక్కింది. ఇంత సరుకు పుట్టిన చోట మీ యాప్ మమ్మల్ని అడిగేది ‘మీ మూడ్ ఏమిటి?’ అని. మా చిన్నమ్మ కూతురికి మూడ్ ఉండదు, పండగ ఉంటుంది. పసుపు కొట్టేటప్పటి పాటలు, గౌరమ్మ సంబరం పాటలు, పైడితల్లమ్మ సిరిమాను నాటి పాటలు, రథసప్తమికి అరసవల్లి సూర్యనారాయణమూర్తి పాటలు. మా క్యాలెండరు చూసి పెట్టండి, మూడ్ దానంతటదే వస్తుంది. ఇంకో విషయం, మన చట్టంలో రికార్డింగు మీద హక్కు 60 ఏళ్ళే. అరవై దాటిన పాత గ్రామఫోను రికార్డులు శుభ్రం చేసి పెడితే ఆ రికార్డింగుకి మీరు ఎవరికీ కట్టనక్కర్లేదు. ఫ్రీగా ఇవ్వాలని మీకంత సరదాగా ఉంటే అవి ఇవ్వండి.

ఇప్పుడు అసలు విషయానికొస్తున్నాను. ఇదే మీకు నచ్చకపోవచ్చు.

ఆమదాలవలస వైపు ఒక ఊళ్ళో తప్పెటగుళ్ళ గురువొకాయన ఉన్నారు. రేకు తప్పెట గుండెకి కట్టుకుని, కాళ్ళకి గజ్జెలతో, పదిహేనుమందితో గెంతుతూ పాడితే జాతరలో పక్క డీజే బాక్సులవాడు కూడా సౌండ్ తగ్గించి చూస్తాడు. ఆయన బృందం పాటని ఎవడో ఫోన్‌లో తీసి, కింద బీటు కలిపి, తన పేరుతో పెట్టుకున్నాడు. లక్షల్లో చూశారు. గురువుగారు నా షాపులో ఆ వీడియో చూసి కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “గొంతు నాదే గానీ పేరు నాది కాదేటి బావూ?” అన్నారు. సరే, మన పాట మనమే పెడదాం అని మా మేనల్లుడు పూనుకున్నాడు. మీ దగ్గర నేరుగా పెట్టడానికి వీల్లేదు, మధ్యలో పంపిణీవాడు ఉండాలట. వాడికి ఏడాదికింత కట్టాలి, ఫారాలన్నీ ఇంగ్లీషులో, పాన్ కార్డు, బ్యాంకు. మొత్తానికి మూడు పాటలు ఎక్కాయి. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు విన్నారు, సంతోషించారు. ఏడాది చివర డబ్బు సున్నా. కారణమేమిటంటే, 2024 నుంచి స్పాటిఫై పెట్టిన నియమం ప్రకారం ఏడాదిలో వెయ్యిసార్లు వినని పాటకి లెక్కే కట్టరు. ఆయన పాటల్లో ఎక్కువసార్లు విన్నది ఎనిమిది వందల పైచిలుకు.

వెయ్యి దాటినా వచ్చేది ఎంతని నేనే కూర్చుని లెక్కేశాను. ఇద్దరు మనుషుల్ని తీసుకుందాం. మా చిన్నమ్మ కూతురు నెలకి వంద కట్టింది, గురువుగారి పాటలే అరవైసార్లు విన్నది. హాస్టల్ కుర్రాడొకడు అదే వంద కట్టి, సినిమా హిట్లు 940 సార్లు విన్నాడు. మొత్తం రెండు వందలు, మీ ఖర్చులు పోగా నూట నలభై పంచాలనుకోండి. మీరందరి డబ్బూ ఒకే గంగాళంలో పోసి, ఎన్నిసార్లు విన్నారో దాని ప్రకారం గరిటెతో వడ్డిస్తారు. వెయ్యి వినికిడులకి నూట నలభై, అంటే ఒక్కోదానికి 14 పైసలు. గురువుగారికి 8 రూపాయల 40 పైసలు. ఆవిడ వంద రూపాయల్లో ఆయనకి చేరాల్సిన డెబ్బైలో 61 రూపాయల 60 పైసలు, ఆవిడ జన్మలో వినని పాటలకి పోయాయి. అదే ఎవరి డబ్బు వారు విన్న పాటలకే పంచితే గురువుగారికి డెబ్బై వస్తుంది. ఇదేమీ నా బుర్రలో పుట్టింది కాదు, సౌండ్‌క్లౌడ్ అనే పాటల యాప్ 2021లోనే కొందరు కళాకారులకి ఇలా పంచడం మొదలుపెట్టింది.

పెద్ద కంపెనీలు ఒప్పుకోవంటారు. గంగాళం పద్ధతిలో పెద్ద గరిటె వాళ్ళదే కాబట్టి ఒప్పుకోరు. పైగా ఈ మార్పుతో మొత్తం డబ్బు ఒక్క పైసా పెరగదు, చేతులు మారుతుందంతే, అది నిజం. కానీ నేను మీకు చెప్తున్నది ధర్మం కాదు, బేరం. ఇప్పుడు గురువుగారికి మీ యాప్ ఉందో లేదో పట్టదు. తన పాట విన్న మనిషి రూపాయి తన దగ్గరికే వస్తుందని తెలిసిన రోజు, ప్రతి జాతరలో ఆట ముగిశాక మైకు పట్టుకుని, “ఫలానా షాపులో పది రూపాయలిచ్చి మా పాటలు ఏయించుకోండి” అని ఆయనే చెప్తారు. పదిహేనుమంది బృందం, ఒక్కొక్కరికి ఒక్కో ఊరు, చుట్టాలు. జముకుల కథవాళ్ళూ అలాగే, తూర్పు భాగవతులూ అలాగే, భజన బృందాలూ అలాగే. మీరు ఒక సినిమా హీరోకి ఇచ్చే యాడ్ డబ్బుతో కొనలేని ప్రచారం అది. వాళ్ళకి వెయ్యి గీత గీసి బయట నిలబెట్టడం, నా దృష్టిలో, గిరాకీ తెచ్చే మనిషిని గుమ్మంలోంచి తోసెయ్యడం.

పాట రాసినవాళ్ళకి, బాణీ కట్టినవాళ్ళకి రాయల్టీలో వాటా వదులుకోనక్కర్లేకుండా 2012లో కాపీరైట్ చట్టం మార్చారు. మా జానపదాలకి రాసిందెవరో తెలియదు, అమ్మమ్మల నోటి నుంచి వచ్చాయి. అలాంటప్పుడు పాడినవాడికైనా దక్కాలి కదా. కనీసం పేరైనా.

యాడ్‌ల గురించి ఒక్క ముక్క. ఫ్రీగా వినేవాళ్ళకి మీరు వినిపించే యాడ్‌లు సగం హిందీలో ఉంటాయి, మావాళ్ళు అవి వచ్చినప్పుడు సౌండ్ తగ్గిస్తారు. అదే వేళకి మా వీధిలో ఒక బట్టల షాపువాడు ఆటోకి మైకు కట్టి, ఆషాఢం డిస్కౌంట్ అని ఊరంతా తిప్పుతుంటాడు. రోజు అద్దె, డీజిల్, మైకువాడి కూలి ఇచ్చి మరీ. ఆ డబ్బు మీది కావచ్చు. మా ఊరి గొంతుతో, మా యాసలో, శ్రీకాకుళంలో ఉన్నవాడికి మాత్రమే వినబడే యాడ్ ఐదొందలకి అమ్మండి, వాడు రేపే ఇస్తాడు. అమ్మిపెట్టే పని కూడా నాకే చెప్పండి.

మా నాన్న నోటుబుక్కులో ఒక పేజీ ఉంది. 1991 అని రాసి ఉంది పైన. ఎవరో ఆవిడ పేరు, కింద పన్నెండు పాటలు, పక్కన ఎరుపు సిరాతో ‘బి సైడ్ మూడోది మళ్ళీ వెయ్యాలి, గీసింది’ అని. మళ్ళీ వేసి ఇచ్చినట్టు టిక్కు. ఎవరో తెలియదు నాకు. డబ్బు ‘జమ’ అని ఉంది.

మా వేటవాళ్ళు ఆగస్టుకి ముందు వెరావల్ బండెక్కుతారు. అప్పటికి మీ పది రూపాయల కూపను నా కౌంటరు మీదికొస్తే సంతోషం. రాకపోతే, చిప్‌లో పాటలెక్కించే కార్డ్ రీడర్ పాడవలేదు, డ్రాయర్లోనే ఉంది. మా ఆవిడ పోరు పడలేక బోర్డు మీద లైను తీయించే ముందు మీ జవాబు కోసం చూస్తాను.

ఇట్లు,
జీటీ రోడ్డు పక్క సందు సెల్ షాపువాడు,
శ్రీకాకుళం